ఆచంద్రార్కం

పాకాల సబ్‌రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
రేకుల పంచలో, పుల్లబల్ల మీద
నలభయ్యొక్క ఏండ్లు దస్తావేజులు రాసినాను.
జయవిలాస్ టాకీసును రెండుసార్లు అమ్మింది ఈ చెయ్యే.
అమ్మినోళ్లు వేరే, కొన్నోళ్లు వేరే,
ఆఖరి వాక్యం మాత్రం ఒకటే:
"మీరు మీ పుత్రపౌత్ర పారంపర్యముగా
ఆచంద్రార్కము సుఖాన అనుభవించవలసినది."

చెంగల్రాయ మొదలారి కట్టినాడంట,
చెనిక్కాయల మిల్లు బాగా తిరిగిన ఏడు,
సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి.
ఆయన ఆచంద్రార్కం పదమూడేండ్లు.
అప్పు కింద వేలూరు సేటుకు పోయింది.
సేటు ఒక్క ఆటా చూడలేదు, లెక్క చూసుకున్నాడు.
ఆయన దగ్గర కొన్న మొహిద్దీన్ సాయిబు
నేలక్లాసులో ఆడోళ్ల వైపు ఫ్యాన్లు తిప్పించినాడు.
సాయిబుకు కొడుకులు నలుగురు, హాలుకు గోడలు నాలుగు.
పంచుకుందామంటే తెర ఒక్కటే అడ్డమొచ్చింది.

అప్పుడు వెంకటముని రెడ్డి.
ఆయనకు నేను రాసినాను, కొత్తలో.
ఆ తర్వాత బెల్లం మండీ కుప్పుస్వామి నాయుడు.
ఆట ఆగిపోయి, బాల్కనీ దాకా బెల్లం దిమ్మెలు.
తెర మీద చీమలు బారు కట్టి పోతా ఉంటే
వాచ్‌మన్ ఏకాంబరం అనేవాడు:
"ఆట ఆడతానే ఉంది సామీ, టిక్కెట్టే లేదు."

తూర్పు: రైల్వే వారి కంచె.
పడమర: గంగమ్మ గుడి సందు.
ఉత్తరం: సుబ్బన్న సైకిలు షాపు.
దక్షిణం: పోరంబోకు.
ఈ మధ్యలో ఉన్నదేదీ నేను రాయలేదు.
ఎనిమిదీ నలభైకి కాట్పాడి ప్యాసింజరు పోయేది,
ఆ నిమిషంన్నర తెర మీద ఎవురేం చెప్పుకున్నారో
మా ఊర్లో ఎవురికీ తెలీదు.
అందరూ ఎవురికి తోచింది వాళ్లు
వాళ్ల నోట్లో పెట్టుకున్నారు.

ఇప్పుడు మూడోది రాయమంటున్నారు.
తిరపతి బిల్డరు. నాలుగంతస్తులు, కింద బంగారం షాపు.
మూల దస్తావేజు తెమ్మంటే తెచ్చినారు,
మడతల కాడ చిరిగి, మందుబిళ్లల వాసనతో.
మూడో పేజీలో ఉంది:
"సదరు స్థలము విక్రయించిన నాటకాల కన్నమ్మకు,
ఆమె తదనంతరము ఆమె వారసులకు,
ఏటా జాతర మూడవ రాత్రి వేదికపై
ఆట ఆడుకొను హక్కు కలదు. బాడుగ అడుగరాదు."
కింద వేలిముద్ర. నీలిసిరాలో చిన్న సుడిగుండం.

సేటు కాగితంలో ఆ మాట ఉంది.
సాయిబు కాగితంలో ఉంది.
రెడ్డి కాగితంలో లేదు.
మధ్యాన్నం మూడయింది ఆ పొద్దు, ఆకలి,
ఇంకో స్టాంపు కాయితం దండగన్నారు.
ఒక ఆడమనిషి రాత్రిని
నాలుగు పంక్తులే కదా అని మింగేసినాను.

కన్నమ్మ మనవరాలు దేవసేన
దామలచెరువు దగ్గర మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పని.
మోచేతుల దాకా పచ్చగా, గేటు కాడికొచ్చింది.
జిరాక్సు కాగితం తడి చేత్తో పట్టుకోలేదు,
నన్నే చదవమంది.
"మాకు ఆటలు యాడొస్తాయి సామీ?" అని నవ్వి,
కాసేపాగి,
"లోపల కరెంటుందా?" అనింది.

కాలదోషం పట్టిందన్నాడు లాయరు.
పట్టిందో లేదో కోర్టు చెప్పేదాకా
ఇటుక కదపొద్దని ఒక తాఖీదు మాత్రం వచ్చింది.
బిల్డరు అడ్వాన్సు వెనక్కడిగినాడు.
నాయుడు నాతో మాట్లాడ్డం లేదు.

జాతర మూడో రాత్రి పన్నెండు మందిమి
బెల్లం దిమ్మెలు పక్కకు దొబ్బినాం.
దేవసేన వేదిక మీద నిలబడింది.
పద్యం రాదు, అడుగు రాదు.
తనది, వాళ్లమ్మది, వాళ్లవ్వది
మూడు పేర్లు గట్టిగా చెప్పింది.
మూడోది చెప్పేటప్పటికి ప్యాసింజరొచ్చింది.
ఎవురూ కదల్లేదు.
రైలు దాటినాక మళ్లీ చెప్పింది.

పైన రేకు లేచిపోయిన సందులోంచి
చంద్రుడు కనబడినాడు.
సూర్యుడి సంగతి
పొద్దున చూస్తాం.